గడప దగ్గర స్వస్తిక్, ఎదురింటావిడ మెడలో సుత్తి

మూడేళ్ళ కిందట కోపెన్‌హాగెన్‌లోనే ఇల్లు మారాం. వాల్బీ పేటలో నాలుగంతస్తుల పాత బిల్డింగు, లిఫ్టు లేదు, మాది రెండో అంతస్తు. పాలు పొంగించే రోజు అమ్మ రాజమండ్రి నుంచి వీడియో కాల్‌లో కూర్చుని అన్నీ చేయించింది. గడపకి పసుపు రాయించింది, బొట్లు పెట్టించింది, తడిపిన కుంకుమతో తలుపు మీద స్వస్తిక్ వేయించింది. "నాలుగు గళ్ళలో నాలుగు చుక్కలే, మర్చిపోకు" అని రెండుసార్లు చెప్పింది.

ఆ సాయంత్రమే ఎదురు ఫ్లాట్ పెద్దావిడ వచ్చింది. ఎనభై దాటిన మనిషి. కొత్తగా దిగినవాళ్ళని పలకరిద్దామని చిన్న పూలకుండీ పట్టుకొచ్చింది. నేను తలుపు తీసేసరికి ఆవిడ చూపు నా మీద లేదు, ఆ కుంకుమ గీతల మీద ఉంది.

"ఇది మీ పూజకి సంబంధించిందని నాకు తెలుసు" అంది నెమ్మదిగా. "కానీ నేను రోజూ మెట్లెక్కి పైకొచ్చేసరికి ముందు కనపడేది ఇదే. చిన్నప్పుడు ఈ ఊరి టౌన్ హాల్ ఎదురుగా జెండాల మీద దీన్నే చూశాను."

నేను కంగారుపడిపోయాను. మనవాళ్ళందరం ఇలాంటప్పుడు చెప్పేదే గబగబా చెప్పేశాను. మాది వేరండీ, హిట్లర్‌ది పక్కకి వాలి ఉంటుంది, మాది నిటారుగా ఉంటుంది. వాళ్ళది అటు తిరుగుతుంది, మాది ఇటు తిరుగుతుంది. అసలు వాళ్ళే మా దగ్గర దొంగిలించారు. ఆవిడ అంతా విని తల ఊపి, కుండీ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. అప్పుడు చూశాను, మెడలో సన్నటి గొలుసుకి బొటనవేలి గోరంత వెండి బిళ్ళ. థోర్ దేవుడి సుత్తి.

ఆ రాత్రి నిద్ర పట్టక, ఆవిడకి చెప్పిన మూడు మాటల్నీ ఒక్కొక్కటే వెతికి చూసుకున్నాను. చివరికి మూడింట్లో ఒక్కటీ నిలబడలేదు.

నాజీలు వాడిందీ, మన శుభలేఖల మీద ఎక్కువగా అచ్చయ్యేదీ ఒకే వైపు, కుడివైపే తిరుగుతాయి. జెండా మీద దాన్ని వాల్చిన మాట నిజమే కానీ నిటారుగా ఉన్నదాన్నీ వాళ్ళు వాడారు. అసలు ఇవన్నీ పక్కన పెట్టినా, భయపడ్డ మనిషి చేతికి కోణమానిని ఇచ్చి కొలుచుకోమనడం ఏం సమాధానం? ఇక దొంగిలించారన్న మాట. దాన్నే నేను అన్నిటికన్నా గట్టిగా నమ్మాను. ఆ నమ్మకం పోవడానికే ఎక్కువ కాలం పట్టింది.

మా ఇంటి దగ్గర్లోనే కార్ల్స్‌బర్గ్ వాళ్ళ పాత బీరు ఫ్యాక్టరీ ప్రాంగణం ఉంది. రోడ్డుకి అడ్డంగా కట్టిన ద్వారాన్ని నాలుగు రాతి ఏనుగులు మోస్తుంటాయి. 1901లో విల్హెల్మ్ డాలెరుప్ అనే వాస్తుశిల్పి కట్టాడు. ఏనుగుల డొక్కల మీద, నడిచి వెళ్ళేవాడి తల పైన, స్పష్టంగా స్వస్తికలు చెక్కి ఉంటాయి. నాజీ పార్టీ తన జెండా ఎంచుకున్నది 1920లో. అంతకు చాలా ముందు నుంచే ఈ కంపెనీ యజమాని కార్ల్ యాకబ్‌సెన్‌కి అది వ్యాపార చిహ్నం. మొదటిసారి చూసినప్పుడు ఎగిరి గంతేశాను. ఏనుగూ మనదే, స్వస్తికా మనదే, ఇంకేం కావాలి అనుకున్నాను. ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టాను.

తర్వాతి ఆదివారం పాపని తీసుకుని నేషనల్ మ్యూజియానికి వెళ్ళాను. ఆ గంతు అక్కడ ఆగిపోయింది.

రూన్‌లంటే ఇక్కడివాళ్ళ పాత లిపి అక్షరాలు. అవి చెక్కిన రాళ్ళున్న గదిలో స్నోల్డెలెవ్ రాయి అని ఒకటుంది. నిజానికి పెద్ద బండ. 9వ శతాబ్దంలో చెక్కింది. మూడు కొమ్ములు, మద్యం తాగే కొమ్ములు, ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి. వాటి దగ్గరే స్వస్తిక. రూన్ అక్షరాలు చెప్పేది ఒక్క ముక్క: ఇది రోఆల్డ్ కొడుకు గున్వాల్డ్ రాయి, అతను సాల్‌హౌగర్‌లో థుల్. థుల్ అంటే పాత కథలూ మాటలూ నోటికి చెప్పే మనిషి అని పండితుల అంచనా. స్వస్తిక ఎందుకు చెక్కారో, ఏ దేవుడి కోసమో ఒక్క అక్షరం లేదు. ఇంకొంచెం తేరిపార చూస్తే అదే రాతి మీద చక్రంలో శిలువ లాంటి గీత ఒకటి లీలగా కనిపిస్తుంది. అది కంచు యుగానిది, గున్వాల్డ్ పుట్టడానికి వెయ్యేళ్ళ పైచిలుకు ముందుది. అంటే గున్వాల్డ్ కోసం చెక్కినవాళ్ళు కూడా ఎవరో తెలియని పాతవాళ్ళ రాతినే తెచ్చుకుని, వాళ్ళ గుర్తు పక్కన తమ గుర్తు చెక్కుకున్నారు.

ఈ స్వస్తికని ఇక్కడికి మనవాళ్ళెవరూ మోసుకురాలేదు. ఈ నేలలో ఇంకా పాతవి దొరికాయి. 5, 6 శతాబ్దాల నాటి పలచటి బంగారు బిళ్ళలు, ఒకవైపే ముద్ర వేసినవి, మెడలో వేసుకునేవి. బ్రాక్టియేట్లు అంటారు. చాలావాటి మీద ఒక తల, కింద గుర్రం, ఖాళీల్లో స్వస్తికలు ఉంటాయి. మన కాసులపేరులోని కాసు గుర్తొచ్చింది నాకు. గుర్తు రావడానికి కారణం కూడా ఉంది. దక్షిణ భారతంలో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో కొన్నింటికి చిల్లులుంటాయి, మెడలో వేసుకోవడానికి పొడిచినవి. అటు ఉత్తరాన కూడా అదే జరిగింది. రోమన్ చక్రవర్తి బొమ్మ ఉన్న పతకాలు అక్కడికి చేరాయి, కంసాలులు వాటిని చూసి తమవి కొట్టుకున్నారు. కొట్టగా కొట్టగా చక్రవర్తి ముఖం మారిపోయి ఇంకెవరిదో అయింది.

ఎవరిదని వందేళ్ళకు పైగా వాదించుకున్నారు. 2020 చివర్లో డెన్మార్క్‌లోనే జట్లండ్ ప్రాంతంలోని విండెలెవ్ దగ్గర మెటల్ డిటెక్టర్‌తో వెతుకుతున్నవాళ్ళకి ఒక బంగారు రాశి దొరికింది. అందులో ఒక బ్రాక్టియేట్ మీది రూన్‌లని 2023లో చదివారు: "ఇతడు ఓడిన్ మనిషి." 5వ శతాబ్దం నాటి ఆ అక్షరాలే ఇప్పటివరకు దొరికిన వాటిలో ఇక్కడి పాత దేవుళ్ళలో పెద్దవాడైన ఓడిన్ పేరు కనిపించే అత్యంత పాత ఆధారం. ఆ పేరు పడింది రోమన్ చక్రవర్తి పతకాన్ని చూసి చేసిన బిళ్ళ మీద. అచ్చమైన జెర్మానిక్ దేవుడి కోసం వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే ఎదురయ్యేది రోమ్ టంకశాల.

నాకు ఈ విషయంలో చెప్పాలనిపించేది ఇదే. ఈ గుర్తులు ఎప్పుడూ ఒక జాతి సొంత సొత్తుగా పుట్టలేదు. వాటికి "స్వచ్ఛమైన మొదటి రూపం" ఉందన్న ఆలోచన 19వ శతాబ్దంలో తయారైంది. నాజీలు పెంచి పోషించింది ఆ ఆలోచననే. మనం "అసలైనది మాదే, వాళ్ళది నకిలీ" అన్న ప్రతిసారీ వాళ్ళ తక్కెడలోనే మన సరుకు తూస్తున్నాం.

ఎదురింటావిడ మెడలోని సుత్తినే తీసుకోండి. థోర్ సుత్తి పేరు మియోల్నిర్. పిడుగుల దేవుడి ఆయుధం, రాక్షసుల్ని కొట్టేది. అదే మ్యూజియంలో ఒక అద్దాల పెట్టె ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. లోపల ఉన్నది జట్లండ్‌లోని ట్రెండ్‌గార్డెన్‌లో దొరికిన 10వ శతాబ్దపు అచ్చు. బలపపు రాయితో చేసింది. కరిగిన లోహం పోయడానికి పల్లాలు తవ్వి ఉన్నాయి. ఒక పల్లం సుత్తి ఆకారం. దాని పక్కనే శిలువ ఆకారం. ఒకే రాయి, ఒకే పనివాడు. పొద్దున థోర్ భక్తుడొస్తే ఒక బిళ్ళ, మధ్యాహ్నం క్రైస్తవుడొస్తే ఇంకో బిళ్ళ. ఒకే మనిషి వచ్చి రెండూ కొనుక్కుని ఉన్నా ఆశ్చర్యం లేదు.

"అమ్మా, ఆయన ఏ దేవుడికి మొక్కేవాడు?" అని పాప అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాయి దగ్గరా లేదు.

సుత్తి బిళ్ళలు విరివిగా కనిపించేది సరిగ్గా శిలువ ఈ దేశాల్లోకి వస్తున్న కాలంలోనే. పక్కవాడు మెడలో తన దేవుడి గుర్తు వేసుకోవడం చూశాకే మనదీ ఒకటి వేసుకోవాలన్న పట్టుదల వచ్చి ఉంటుందని చాలామంది చరిత్రకారులు అంటారు. సుత్తులు అంతకు ముందూ ఉన్నాయి కాబట్టి అదొక్కటే కారణం కాదనే వాళ్ళూ ఉన్నారు. నాకు మొదటి మాటలోనే బలం కనిపిస్తుంది, ఎందుకంటే నాకూ అలాగే జరిగింది. రాజమండ్రిలో ఉన్నన్నాళ్ళూ తలుపు మీద స్వస్తిక్ ఉందో లేదో నేను పట్టించుకున్నదే లేదు. ఇక్కడికొచ్చాకే అది లేకపోతే ఇల్లు ఇల్లులా అనిపించలేదు.

లోలాండ్ దీవిలో 2014లో దొరికిన ఇంకో సుత్తి బిళ్ళ కథ నాకు భలే ఇష్టం. ఈ బిళ్ళలు దాదాపు వెయ్యి దొరికాయి. ఇవి నిజంగా సుత్తులేనా అని అనుమానపడ్డ పండితులు ఉండేవారు. లోలాండ్ బిళ్ళ మీద మాత్రం రూన్‌లలో "ఇది సుత్తి" అని రాసి ఉంది. రాసినవాడు "హమర్" అన్న మాటలో ఒక అచ్చు ఎగరగొట్టేశాడు. ఆ చిన్న జాగాలో అక్షరాలు ఇరికించబోయి తప్పు పోయిన ఆ మనిషి చెయ్యి కళ్ళముందు కదులుతుంది. పూర్వీకుల మహావైభవం అని ఊగిపోయేవాళ్ళ మాటల్లో ఈ చెయ్యి ఎక్కడా కనపడదు.

వైకింగుల, అంటే వెయ్యేళ్ళ కిందటి ఇక్కడి సముద్ర యోధుల, కొమ్ముల టోపీ సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. ఇక్కడి టూరిస్టు షాపుల్లో ప్లాస్టిక్‌వి వరసగా వేలాడుతుంటాయి. వైకింగులు కొమ్ముల శిరస్త్రాణాలు పెట్టుకున్నారనడానికి ఆధారం లేదు. 1876లో జర్మనీలోని బాయ్‌రాయిట్‌లో సంగీతకారుడు వాగ్నర్ ఒపేరాలకి కార్ల్ ఎమిల్ డోప్లర్ కుట్టించిన దుస్తులతో ఆ రూపం జనంలో పాతుకుపోయింది. ఈ మ్యూజియంలోనే నిజమైన కొమ్ముల శిరస్త్రాణాలు ఒక జత ఉన్నాయి. కానీ అవి కంచు యుగానివి, వైకింగులకి పదిహేడు వందల ఏళ్ళు ముందువి. ఓడిన్ గుర్తుగా ఇప్పుడు పచ్చబొట్లు పొడిపించుకుంటున్న మూడు త్రికోణాల ముడి కూడా అంతే. స్వీడన్‌కి చెందిన గోట్‌లాండ్ దీవి రాళ్ళ మీద ఆ ఆకారం ఉంది, "వాల్‌క్నుట్" అన్న పేరు మాత్రం ఈ కాలంలో పెట్టింది. ఆ రోజుల్లో దాన్ని ఏమని పిలిచేవారో ఏ పాత గ్రంథంలోనూ లేదు.

మరి ఈ దేవుళ్ళ కథలు మనకెలా తెలిశాయి? ఎక్కువ భాగం ఐస్‌లాండ్‌లో రాసుకున్న పుస్తకాల వల్ల. వాటిలో ముఖ్యమైనది 1220 ప్రాంతంలో స్నోరి స్టుర్లుసన్ రాసింది. ఆయన క్రైస్తవుడు. ఆ దేశం మతం మారి అప్పటికే రెండు వందల ఏళ్ళయింది. పాత దేవుళ్ళ కథలు తెలియకపోతే కొత్త కవులకి పాత పద్యాల్లోని చమత్కారాలు అర్థం కావని, కవిత్వం నేర్పే పుస్తకంగా రాశాడు. మన ఆలంకారికులు ఉదాహరణ కోసం పురాణ కథ చెప్పినట్టు. ఆయన రాయకపోతే థోర్ గురించి మనకి ఇంత తెలిసేది కాదు. పూజ చేసినవాడి నోటి నుంచి మాత్రం ఇది వినట్లేదన్నది మర్చిపోకూడదు.

ఇక స్వస్తికకి "ఆర్య" ముద్ర ఎలా పడిందో చూడండి. 1870ల్లో హైన్రిఖ్ ష్లీమన్ ట్రాయ్ దగ్గర తవ్వకాల్లో ఆ ఆకారం ఉన్న మట్టి వస్తువులు కుప్పలుగా బయటపెట్టాడు. వాటికి సంస్కృతం పేరు పెట్టి, ఆర్య జాతి ఆనవాలుగా యూరప్ అంతా ప్రచారమైంది. అప్పుడు సంస్కృత పండితుడు మాక్స్ ముల్లర్ ష్లీమన్‌కి ఉత్తరం రాస్తూ, స్వస్తిక అన్న మాటని భారతదేశం బయట వాడటం నాకిష్టం లేదని, ఆ మాటకి అక్కడ ఒక చరిత్ర, ఒక అర్థం ఉన్నాయని హెచ్చరించాడు. ఎవరూ వినలేదు. జర్మన్‌లో దాని పేరు హాకెన్‌క్రాయిట్స్, కొక్కెం శిలువ. నాజీలు వాడిన పేరు అదే. కానీ ఆకారం వెనక వాళ్ళు పెట్టుకున్న ఆర్య కథలో మన సంస్కృతం మాట ఇటుకలా ఇమిడిపోయి ఉంది. కాబట్టి "వాళ్ళ పేరు వేరు, మాకు సంబంధం లేదు" అనడం కూడా సగం మాటే.

ఇటువైపు మన వాట్సాప్ గ్రూపులు. "థోర్ అంటే మన ఇంద్రుడే, సుత్తి అంటే వజ్రాయుధమే, అన్నీ మన దగ్గర నుంచే పోయాయి" అని నెలకోసారి ఫార్వర్డ్ వస్తుంది. పిడుగు పట్టుకున్న దేవుళ్ళ మధ్య పోలికని పండితులు ఎప్పటినుంచో చెబుతున్నారు, అది కాదు నా బాధ. "మనదే" అనగానే అవతలి కథ చదవాల్సిన పని తీరిపోతుంది. స్వీడన్‌లో ఉప్‌లాండ్ ప్రాంతంలో ఆల్తునా చర్చి దగ్గర 11వ శతాబ్దపు రూన్ రాయి ఒకటి నిలబడి ఉంది. కిందటి వేసవిలో మేం కారులో వెళ్ళి చూశాం. ఒక పక్కన చిన్న పడవ, అందులో థోర్. ఒక చేతిలో సుత్తి, రెండో చేతి నుంచి గాలం తాడు. ఎద్దు తల ఎర వేసి లోకాన్ని చుట్టుకున్న మహాసర్పాన్ని పట్టబోయాడు. పాము లాగిన విసురుకి థోర్ కాలు పడవ అడుగు చీల్చుకుని నీళ్ళలోకి దిగిపోయింది. రాతి మీద ఆ కాలు పడవ కింద నుంచి పొడుచుకు వచ్చి కనిపిస్తుంది. స్నోరి ఈ కథ రాయడానికి వందేళ్ళకు పైగా ముందే ఎవరో శిల్పి ఆ కాలిని మరిచిపోకుండా చెక్కాడు.

అదే రాతి మీది అక్షరాలు తండ్రీ కొడుకుల జ్ఞాపకంగా ఈ రాయి నిలిపామని, ఆ ఇద్దరూ మంటల్లో కాలిపోయారని చెబుతాయి. నేను ఆ గడ్డిలో నిలబడి దాన్ని చదువుకుంటుంటే నోట మాట రాలేదు. కాలిపోయిన మనుషుల రాతి మీద, పడవ చీలినా గాలం వదలని దేవుడు. ఆ ఇంటివాళ్ళు ఏ ఓదార్పు కోసం దాన్ని ఎంచుకున్నారో. ఇంద్రుడితో కలిపేస్తే ఆ కాలూ పోతుంది, ఆ తండ్రీ కొడుకులూ పోతారు.

నిజమైన బంధుత్వం ఎక్కడైనా ఉందంటే అది చాలా మామూలు చోట ఉంది. మా పాప డేనిష్ స్కూల్లో వారాల పేర్లు నేర్చుకుంటూ ఒకరోజు నన్ను పట్టుకుంది. ఒన్స్‌డే అంటే ఓడిన్ రోజు, ఇంగ్లీషు వెన్స్‌డే కూడా అదే. మనకి బుధవారం. రోమన్లకి అది మెర్క్యురీ రోజు, అంటే బుధ గ్రహం రోజు. రోమన్ల ఏడు రోజుల వారం ఉత్తరానికి చేరినప్పుడు అక్కడివాళ్ళు మెర్క్యురీ స్థానంలో తమ ఓడిన్‌ని, బృహస్పతి స్థానంలో థోర్‌ని కూర్చోబెట్టుకున్నారు. అందుకే మన గురువారం వాళ్ళకి థోర్ వారం. మంగళవారం త్యూర్ అనే దేవుడిది, శుక్రవారం ఫ్రిగ్ అనే దేవతది. గ్రహాల వారాలు మన దేశానికి చేరిందీ ఆ గ్రీకు, రోమన్ జ్యోతిషం దారిలోనే అంటారు చరిత్రకారులు. అంటే మా పాప బుధవారం బడికెళ్తే రెండు భాషల్లోనూ ఒకే గ్రహం కింద వెళ్తోంది. ఇందులో ఎవరు ఎవరి దగ్గర దొంగిలించారు? శనివారం మాత్రం స్కాండినేవియా వాళ్ళు ఎవరికీ ఇవ్వలేదు, లోర్డే అంటే స్నానం రోజు. శనివారం తలంటుకి ఇక్కడా లోటు లేదని అమ్మకి చెప్తే ఎంత సంతోషించిందో.

ఇన్ని తెలుసుకున్నాక ఎదురింటావిడని కాఫీకి పిలిచాను. ముందు క్షమించమని అడిగాను, వాలు గురించి చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. ఆవిడ తన సుత్తిని వేళ్ళతో తడుముకుంటూ కూర్చుంది. అది వాళ్ళమ్మ ఇచ్చిందట. ఆవిడకి పూజలూ అవీ లేవు, క్రిస్మస్‌కి చర్చికి వెళ్తుంది. అయినా పదిహేనేళ్ళ కిందట కొన్నాళ్ళు దాన్ని తీసి డ్రాయర్లో పెట్టేసిందట. ఊళ్ళో జాతి ద్వేషపు ర్యాలీ ఒకటి వెళ్తుంటే, అందులో గుండు గీయించుకున్న కుర్రాళ్ళ మెడల్లో ఇదే సుత్తి కనిపించిందట.

"బస్సులో ఎవరైనా నన్ను కూడా అలాంటిదాన్ననుకుంటారేమోనని సిగ్గేసింది" అంది. "తర్వాత కోపం వచ్చింది. మా అమ్మ ఇచ్చిన దాన్ని నేనెందుకు దాచాలని మళ్ళీ వేసుకున్నాను."

అప్పుడు ఆవిడకి ఐస్‌లాండ్ సంగతి చెప్పాను. అక్కడ స్వస్తిక ఆకారానికే థోర్స్‌హమర్ అని పేరు, అంటే థోర్ సుత్తి. ఐమ్‌స్కిప్ అనే వాళ్ళ ఓడల కంపెనీ 1914లో పుట్టినప్పుడు దాని గుర్తు కూడా అదే. అంటే ఆవిడ మెడలో ఉన్నదానికీ నా తలుపు మీద ఉన్నదానికీ ఒక దేశంలో ఒకే పేరు. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కప్పు ఖాళీ అయ్యాక, "మీరు సుత్తిని దాచుకోమని నాకు చెప్పలేదు కదా" అంది. నేను లేదన్నాను.

ఇంతకీ తలుపు సంగతి. "మన హక్కు, ఎందుకు తగ్గాలి" అని మా మిత్రుల్లో కొందరు నా మీద గట్టిగానే వాదించారు. హక్కు ఉంది, కాదనను. జర్మనీ చట్టం నాజీ చిహ్నాల్ని నిషేధిస్తుంది. 2007లో యూరప్ అంతటా అలాంటి నిషేధం తెద్దామని జర్మనీ ప్రతిపాదించినప్పుడు హిందూ సంఘాలు అభ్యంతరం చెప్పాయి, అది ఆగిపోయింది. ఆగిపోవడం న్యాయమే అనుకుంటాను. కానీ నేను స్నోల్డెలెవ్ రాతి మీది రెండు కాలాల్నీ ఒప్పుకున్నప్పుడు ఈ ఊరు నాజీ జర్మనీ ఆక్రమణలో ఉన్న 1940 నుంచి 1945 వరకు ఐదేళ్ళని మాత్రం తుడిచేయమని ఎలా అడుగుతాను? ఆ ఐదేళ్ళు కూడా ఆ గుర్తు మీద చెక్కిన గీతలే. మెట్ల వైపు తలుపు నా ఒక్కదానిదే కాదు, రోజూ ఆవిడ కళ్ళు పడే గోడ కూడా. ఇంటి లోపలిది నాది.

అందుకే బయట తుడిచేసి, అదే తలుపుకి లోపలివైపు వేసుకున్నాను. అమ్మకి చెప్తే ఒక నిమిషం ఆలోచించి, "లక్ష్మి లోపలికొచ్చాక బయటికి పోకుండా ఉంటుందిలే" అంది. ఇది ఓడిపోవడమని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. పాపకి స్కూల్లో ఎవరైనా అడిగితే వాలు గురించి చెప్పొద్దని, ఏనుగుల దగ్గరికీ ఆ రాతి దగ్గరికీ తీసుకెళ్ళి చూపించమని చెప్పాను.

ప్రతి మే 4 సాయంత్రం ఇక్కడ చాలా ఇళ్ళ కిటికీల్లో కొవ్వొత్తులు వెలుగుతాయి. 1945లో ఆ సాయంత్రమే జర్మన్ సైన్యం లొంగిపోయిందన్న వార్త రేడియోలో వచ్చింది. జనం యుద్ధంలో వెలుగు బయటికి కనపడకుండా కట్టుకున్న నల్ల తెరలు పీకేసి దీపాలు పెట్టుకున్నారు. ఎదురింటావిడ ఏటా పెడుతుంది. ఈసారి మేమూ మా కిటికీలో దీపావళి ప్రమిదలు పెట్టాం. ఆవిడ చూసి మా ఇంటికి వచ్చింది, కూర్చుంది, పులిహోర తిన్నది. వెళ్తూ వెళ్తూ మూసి ఉన్న తలుపు దగ్గర ఆగింది. లోపలివైపు కుంకుమ గీతల్ని ఈసారి దగ్గరగా చూసింది.

"ఈ నాలుగు చుక్కలూ దేనికి?" అని అడిగింది.

అమ్మ పెట్టమంటే పెట్టాను, అంతవరకే తెలుసని చెప్పాను. రేపు ఫోన్ చేసి అడుగుతానన్నాను.